బెంగళూరు: ఆరు నెలలు షెడ్డులో పడున్న ట్రైలర్, నీళ్ళ ట్యాంకు కంపు కొడుతోంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

షెడ్డులో_బండి (శుక్రవారం, రాత్రి 10:40)
అన్నలకి అక్కలకి నమస్తే. నాది కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ట్రైలర్, లోపల మంచం, కుళాయిలు, టాయిలెట్ అన్నీ ఉండేది, పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. జూన్‌లో వానలు మొదలైనప్పుడు హోస్కోట దగ్గర మా బావ గోడౌన్ షెడ్డులో పెట్టేసినా, ఆ తర్వాత పిల్లోడి స్కూలు, ఆఫీసు, అదీ ఇదీ అంటా మళ్ళీ దాని మొహం చూడలే. ఇప్పుడు సంక్రాంతికి లేపాక్షి చూసుకుని అట్నుంచటే ఊరికి పోదామని ప్లాన్. నిన్న పోయి తలుపు తీస్తే లోపలంతా ఎండిపోయిన చెరువు వాసన. పంప్ స్విచ్ వేస్తే కుళాయి ముందు కాసేపు దగ్గింది, ఆనక టీ రంగు నీళ్ళు, వేడినీళ్ళ వైపు తిప్పితే కుళ్ళిన కోడిగుడ్డు. మా ఆవిడ దిగి కార్లో కూచుంది.

ట్యాంకు మంచం కింద ఉంది, 90 లీటర్లు. 12 వోల్టుల పంప్. పాత ఓనర్ బయటి దేశం హీటర్ ఒకటి పెట్టించినాడు, దాని మీద 6 గ్యాలన్లు అని ఉంది. వీడియోలు చూస్తే అమెరికా వాళ్ళంతా ఏదో పింక్ లిక్విడ్ పైపుల్లోకి ఎక్కిస్తన్నారు, అది పైపులు కడిగే మందు అనుకుని జేసీ రోడ్డులో బండి సామాన్ల షాపులో యాంటీఫ్రీజ్ అని అడిగితే ఆకుపచ్చ డబ్బా ఇచ్చినాడు, రెండు లీటర్లు. రేపు పొద్దున్నే ట్యాంకులో పోసి పంప్ తిప్పేద్దామని. 90 లీటర్లకి రెండూ పోసెయ్యాలా, ఒకటి చాలా?

కేఆర్‌పురం_మెకానిక్ (శుక్రవారం, రాత్రి 10:52)
ఆగు బ్రో ఆగు. డబ్బా మూత కూడా తియ్యొద్దు. అది ఇంజిన్ కూలెంట్, రేడియేటర్‌లో పోసేది. అందులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటది, విషం, తియ్యగా ఉంటది కాబట్టి పిల్లలు కుక్కలు తాగేస్తారు, లోపలికి పోతే కిడ్నీలు పోతాయి. ఒక్కసారి ఆ ట్యాంకులో పోశావంటే ఇంక అది తాగే నీళ్ళ ట్యాంకు కాదు. బిల్లు ఉంటే రేపే తిరిగి ఇచ్చెయ్.

మంచులో_మావయ్య (శుక్రవారం, రాత్రి 11:30)
నేను మిన్నెసోటాలో ఉంటానండి, పదకొండేళ్ళుగా ట్రైలర్ ఉంది, కాబట్టి ఆ పింక్ సంగతి నేను చెప్తా. అది ప్రొపిలీన్ గ్లైకాల్, ట్రైలర్ల కోసమే వేరుగా చేసి అమ్ముతారు, కడగడానికి కాదు. మాకు ఇక్కడ జనవరిలో మైనస్ 20, 25 సెల్సియస్ మామూలే. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి పైపు చీలుతుంది, పంప్ తల పగులుతుంది, కుళాయి లోపలి ప్లాస్టిక్ విరుగుతుంది. అందుకని అక్టోబర్‌లో నీళ్ళన్నీ తీసేసి, హీటర్‌ని బైపాస్ వాల్వులతో పక్కకి తప్పించి, పైపుల్లో గడ్డకట్టకుండా ఆ పింక్ నింపి పెడతాం, లేదంటే కంప్రెసర్‌తో గాలి కొట్టి ఊదేస్తాం. ఏప్రిల్‌లో చేసేదల్లా దాన్ని బయటికి తోలెయ్యడం, నురగ పోయేదాకా నీళ్ళు వదలడం, తర్వాత బ్లీచ్ వేసి కడగడం. మీరు చూసిన వీడియో అక్టోబర్‌ది అయ్యుంటుంది.

ఇంకోటి, రంగు చూసి కొనకండి. మీ దగ్గర పింక్ కూలెంట్లు కూడా దొరుకుతాయి, అవీ ఇంజిన్‌వే.

కాఫీపొడి_కమల (శనివారం, ఉదయం 6:15)
బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ చలి 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మన పైపులు ఈ జన్మలో గడ్డకట్టవు. కాబట్టి ఆ సగం వీడియో మనకి పనికిరాదు. మనకి ప్రాబ్లం మంచు కాదు, కదలకుండా నిలవున్న నీళ్ళు. జూన్‌లో పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేశారా లేదా, అది చెప్పండి ముందు.

షెడ్డులో_బండి (శనివారం, ఉదయం 7:05)
మెకానిక్ అన్నా దండం నీకు, నిజంగా రాత్రి నిద్రపట్టలే, మా చిన్నోడు ఆ కుళాయి కిందనే నోరు పెట్టి తాగుతాడు. డబ్బా తిరిగిచ్చేదానికి ఈరోజే పోతా.

కమల గారూ, ఖాళీ చేసినా అనుకున్నా గానీ చెయ్యలే. గేజ్‌లో మూడో వంతు చూపిస్తాంది. అదే నీళ్ళు ఆరు నెలలుగా.

కాఫీపొడి_కమల (శనివారం, ఉదయం 7:20)
అనుకున్నా. అయితే మొదటి పని ఆ నీళ్ళన్నీ తీసెయ్యడం. ట్యాంకు కింద డ్రెయిన్ ఒక్కటే కాదు, ట్రైలర్ అడుగున పైపుల్లో అన్నిటికంటే కిందుండే చోట రెండు చిన్న మూతలో వాల్వులో ఉంటాయి, ఒకటి చన్నీళ్ళది ఒకటి వేణ్ణీళ్ళది, అవి కూడా తీసి, లోపల కుళాయిలన్నీ తెరిచిపెట్టండి, లేకపోతే గాలి అందక పైపులో నీళ్ళు దిగవు. స్ట్రాలో వేలు పెట్టి మూసినట్టు.

అలాగే ట్యాంకు గాలి గొట్టం బయటికి ఎక్కడ వస్తుందో చూసి దానికి జాలీ ఉందో లేదో చూడండి. జాలీ లేకపోతే లోపల దోమలు సంసారం పెట్టేసుంటాయి. డెంగీ దోమకి మంచి నీళ్ళే కావాలి, దాని గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్ళీ నీళ్ళు పొయ్యగానే పిల్లలు. ఊరికే ఖాళీ చేస్తే చాలదు అనేది అందుకే.

ఒంగోలు_టు_ఓఆర్‌ఆర్ (శనివారం, ఉదయం 8:40)
ఇంత హంగామా ఎందుకండీ, మా అపార్ట్‌మెంట్ సంప్‌కి వేసినట్టు రెండు గుప్పెళ్ళు బ్లీచింగ్ పౌడర్ వేసి వదిలెయ్యండి. ఇరవై ఏళ్ళ నుంచి మా వాచ్‌మన్ అదే వేస్తున్నాడు, మేమంతా బానే ఉన్నాం కదా.

కేఆర్‌పురం_మెకానిక్ (శనివారం, ఉదయం 9:02)
సంప్‌కి ఓకే అన్నా, అడుగున సున్నం దిగినా ఎవడికీ పట్టదు, మోటారు పైనుంచి లాగుద్ది. ఇది చిన్న ట్యాంకు, చిన్న డయాఫ్రం పంప్, వేలెడంత జాలీ. బ్లీచింగ్ పౌడర్‌లో కరగని సున్నప్పిండి ఉంటది, అది పోయి జాలీలో, పంప్ వాల్వుల్లో కూర్చుంటది. ద్రవంగా దొరికే సోడియం హైపోక్లోరైటే వాడాల, బ్లీచ్ అన్నా హైపో అన్నా అదే. సెంటు వాసన వచ్చేది, చిక్కగా జారేది వద్దు, సాదాది.

షెడ్డులో_బండి (శనివారం, సాయంత్రం 4:30)
షెడ్డుకి పోయొచ్చినా. డ్రెయిన్ తీస్తే అడుగున గోధుమ రంగు బురద, గోడలకి చెయ్యి పెడితే జారే జిగట పొర. చిన్న వాల్వులు రెండూ దొరికినాయి, ఒకటి తుప్పుపట్టి బిగుసుకుంటే మా బావ స్పానర్‌తో తిప్పినాడు. దోమ పిల్లలు కనబళ్ళే గానీ గాలి గొట్టానికి జాలీ నిజంగానే లేదు.

స్విమ్మింగ్ పూల్ సామాన్లమ్మే షాపులో హైపో దొరికింది, 5 లీటర్ల క్యాన్. ఎంత వెయ్యాల?

మంచులో_మావయ్య (శనివారం, రాత్రి 8:15)
మా దగ్గర లెక్క 15 గ్యాలన్లకి పావు కప్పు ఇంటి బ్లీచ్. అంటే 57 లీటర్లకి 60 మిల్లీలీటర్లు. పైపులన్నీ నిండాక నాలుగు గంటలు తక్కువ కాకుండా ఉంచాలి, నేను రాత్రంతా వదిలేస్తా.

కాఫీపొడి_కమల (శనివారం, రాత్రి 9:10)
మావయ్య గారూ, మీ ఇంటి బ్లీచ్ 5 నుంచి 8 శాతం మధ్య ఉంటుంది, ఇక్కడ పూల్ షాపు క్యాన్ 10, 12 శాతం ఉంటుంది, అదే కొలత వేస్తే డబుల్ పడుతుంది. నేను ల్యాబ్‌లో పనిచేసినదాన్ని, లెక్క ఇలా చూస్తా: మనకి కావాల్సింది 50 పీపీఎం, అంటే లీటరు నీళ్ళకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్. 5 శాతం ద్రవం అయితే లీటరుకి సరిగ్గా ఒక మిల్లీలీటరు. 10 శాతం అయితే అర. షెడ్డు గారిది ట్యాంకు 90, హీటర్ 6 గ్యాలన్లంటే దాదాపు 23, మొత్తం 113 లీటర్లు. 5 శాతానికి దాదాపు 115 మిల్లీ, 10 శాతానికి 57, 58 మిల్లీ. పిల్లల దగ్గు మందు కప్పు ఉంటుంది కదా, దాంతో కొలవండి, తర్వాత ఆ కప్పు పారెయ్యండి.

క్యాన్ మీద తయారీ తేదీ కూడా చూడండి. హైపో వేడికీ ఎండకీ బలం పోగొట్టుకుంటుంది, ఏప్రిల్ ఎండల్లో షాపు బయట పెట్టిన క్యాన్‌లో సగం మిగిలితే గొప్ప.

నేరుగా ట్యాంకులో పొయ్యొద్దు, ముందు బకెట్ నీళ్ళల్లో కలిపి అది పోసి, తర్వాత మిగతా నీళ్ళు నింపండి. కార్బన్ ఫిల్టర్ కార్ట్రిడ్జ్ ఉంటే ముందే పీకెయ్యండి, కార్బన్ క్లోరిన్‌ని మింగేస్తుంది, కుళాయి దాకా ఏమీ రాదు. ఎలాగూ ఆరు నెలలు తడిలో నానిన కార్ట్రిడ్జ్, మళ్ళీ పెట్టకండి.

పచ్చడి_పిన్ని (శనివారం, రాత్రి 9:45)
ఈ ఘాటు కెమికల్స్ ఎందుకు నాయనా. మేము వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం, బోరు నీళ్ళు, ఉప్పు నీళ్ళంటే ఉప్పు నీళ్ళు, కుళాయిల మీద తెల్లగా గట్టిగా పట్టేస్తుంది, దానికి వెనిగర్ వేస్తే ఇట్టే ఊడొస్తుంది. బ్లీచ్‌తోపాటు ఒక సీసా వెనిగర్ కూడా ట్యాంకులో పొయ్యి, సున్నమూ పోద్ది వాసనా పోద్ది.

కాఫీపొడి_కమల (శనివారం, రాత్రి 9:49)
పిన్నిగారూ వద్దు వద్దు వద్దు. బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మంచం కింద ట్యాంకు, తలుపులు మూసిన ట్రైలర్, మనిషి లోపల. నిమ్మ ఉప్పు కూడా అంతే, బాత్‌రూమ్ యాసిడ్ అయితే ఇంకా ఘోరం. వెనిగర్ మంచిదే, కానీ బ్లీచ్ పూర్తిగా కడిగేశాక వేరే రోజు, అదీ కుళాయి జాలీలు విప్పి గిన్నెలో నానబెట్టుకోవడానికి.

పచ్చడి_పిన్ని (శనివారం, రాత్రి 9:58)
అయ్యో నాకు తెలియదమ్మా. నేను ఇంట్లో రెండూ ఒకే రోజు వాడతాను బాత్‌రూమ్‌కి, కళ్ళు మండుతుంటే ఘాటుగా ఉంది బాగా పనిచేస్తుందనుకున్నా. ఇంక మానేస్తా.

సికింద్రాబాద్_స్టెప్నీ (ఆదివారం, ఉదయం 7:30)
ఎవ్వరు హీటర్ గురించి మాట్లాడ్తలేరు. అన్నా, నీకు కోడిగుడ్డు వాసన వేడినీళ్ళల్లనే వస్తుందా, చన్నీళ్ళల్ల గూడనా? చన్నీళ్ళల్ల గూడ వస్తే అది ట్యాంకుది. వేడిదాంట్లనే వస్తే హీటర్ లోపల రాడ్ పని. మన ఇంటి గీజర్ల ఉంటది సూడు మెగ్నీషియం రాడ్, ట్యాంకు తుప్పు పట్టకుండ అది తుప్పు పడతది. నిలువ నీళ్ళల్ల కొన్ని బ్యాక్టీరియా ఉంటయి, నీళ్ళల్ల సల్ఫేట్ ఉంటే గా రాడ్ దగ్గర జేరి గా గ్యాస్ పుట్టిస్తయి.

తీసేటప్పుడు పైలం. కరెంటు, గ్యాస్ రెండూ బంద్ జేయ్, నీళ్ళు సల్లగ గావాలె, వేడి కుళాయి ఇప్పి లోపల ప్రెజర్ తీసెయ్, అప్పుడే రాడ్ ఇప్పు. ప్రెజర్‌ల ఉంగ ఇప్పితే రాడ్ ఎగిరొస్తది, ఎనక వేడినీళ్ళు. ఇంకోటి, హీటర్ల నీళ్ళు నిండినయని కండ్లార సూసెదాక కరెంటు ఎలిమెంట్ ఎయ్యకు, ఒట్టి ట్యాంకుల ఏస్తే నిమిషాలల్ల కాలిపోతది. నేను కాల్చిన, గందుకే జెప్తున్న.

షెడ్డులో_బండి (ఆదివారం, రాత్రి 9:20)
ఈరోజంతా అదే పని. చెప్తా వినండి.

వాసన వేడి వైపే. రాడ్ విప్పేదానికి మా బావ దగ్గర అంత పెద్ద సాకెట్ లేకపోతే లారీ మెకానిక్ దగ్గర తెచ్చుకున్నాం. బయటికొచ్చింది రాడ్ కాదు, దువ్వెన పుల్ల. ఒక కమ్మీ, దానికి అక్కడక్కడా తెల్ల గడ్డలు. లోపల పైపు పెట్టి కడిగితే దోసెడు సున్నం పెచ్చులు రాలినాయి. ఎస్పీ రోడ్డులో గీజర్ రాడ్లు ఉన్నాయి గానీ మరలు సరిపోవు, ఆర్డర్ పెట్టినా, అందాకా మరలున్న మూత బిగించినా టెఫ్లాన్ టేప్ చుట్టి.

తర్వాత కమల గారి లెక్క ప్రకారం 58 మిల్లీ, బకెట్‌లో కలిపి పోసి ట్యాంకు నిండా నింపినాం. ఒక్కో కుళాయి తిప్పి బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి మూసినా, చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు, షవర్, టాయిలెట్ ఫ్లష్, బయట కాళ్ళు కడుక్కునే కుళాయి. ఆ చివరిది మర్చిపోయేవాణ్ణి, మా ఆవిడ గుర్తుచేసింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. కుళాయిలన్నీ మూసినాక పంప్ ఆగాల కదా, ఆగతాంది, మళ్ళా రెండు నిమిషాలకోసారి టక టక టక అని మూడు సెకన్లు తిరిగి ఆగతాంది. ఎక్కడా చుక్క కారట్లే. ప్రతి జాయింట్ కింద టిష్యూ కాగితం పెట్టి చూసినా, పొడిగానే ఉన్నాయి. దెయ్యమా?

కేఆర్‌పురం_మెకానిక్ (ఆదివారం, రాత్రి 9:41)
పంప్ ఊరికే తిరగదు బ్రో, ప్రెజర్ ఎటో పోతుంది. బయట కారకపోతే లోపలికే పోతుంది. ఒక టెస్ట్ చెయ్. పంప్ ఆపు. ట్యాంకు సగం ఖాళీ చెయ్. బయటి నుంచి గార్డెన్ పైపు తగిలించే నాజిల్ ఉంటది చూడు పక్క గోడకి, దానికి గోడౌన్ నీళ్ళు తగిలించి అరగంట వదిలెయ్, ఏ కుళాయీ తిప్పకు. ట్యాంకు గేజ్ పెరిగిందనుకో, పంప్ లోపలి నాన్ రిటర్న్ వాల్వ్ పోయినట్టు, నీళ్ళు పంప్‌లోంచి వెనక్కి ట్యాంకులోకి దిగుతున్నాయి.

గోడౌన్‌లో ప్రెజర్ పంప్ ఉంటే మాత్రం మధ్యలో రెగ్యులేటర్ పెట్టు. ఓవర్‌హెడ్ ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చే ప్రెజర్ ఒక బార్, అంటే 14 పీఎస్ఐ, దానికి భయం లేదు. ప్రెజర్ పంప్ అయితే వేరే కథ, ఈ బండ్ల పైపులకి 40, 50 పీఎస్ఐ దాటనివ్వకూడదు.

ఒంగోలు_టు_ఓఆర్‌ఆర్ (సోమవారం, ఉదయం 8:10)
అంతా బానే ఉంది గానీ ఎన్ని నీళ్ళండీ ఇదంతా. నింపడం ఒకసారి, కడగడం రెండు మూడు సార్లు, మొత్తం 350 లీటర్లు. 2024 మార్చిలో తాగే నీళ్ళతో కారు కడిగితే 5000 జరిమానా అన్నారు ఈ ఊళ్ళో, మర్చిపోయారా. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల అవతల నుంచి కొండెక్కించి తెస్తుంటే మనం ట్రైలర్‌కి స్నానం చేయిస్తున్నాం.

షెడ్డులో_బండి (సోమవారం, ఉదయం 8:35)
అన్నా కావేరి మా షెడ్డు దాకా రాలే, బోరు నీళ్ళే. అయినా నీ మాటలో న్యాయముంది. బ్లీచ్ నీళ్ళు పారబొయ్యలే, డ్రమ్ముల్లో పట్టి గోడౌన్ నేల, టాయిలెట్లు కడిగించినా. మొక్కలకీ పక్కనున్న కుంటలోకీ పోనివ్వలే. రెండోసారి కడిగిన నీళ్ళు మూత లేకుండా ఎండలో పెట్టినాం, రెండ్రోజులకి వాసన పోయినాక వాడుకోవచ్చని.

షెడ్డులో_బండి (మంగళవారం, రాత్రి 10:05)
మెకానిక్ అన్నా, నువ్వు చెప్పినట్టే. పైపు తగిలించి టీ తాగొచ్చేలోగా గేజ్ సగం నుంచి ముక్కాలుకి ఎక్కింది. పంప్ తల నాలుగు స్క్రూలు విప్పినా. రబ్బరు వాల్వ్ చిరగలే, దాని కింద బియ్యపు గింజంత సున్నం పెచ్చు ఇరుక్కునుంది. అంతే. పిన్నిగారి వెనిగర్ ఇక్కడ పనికొచ్చింది. పంప్‌ని మంచినీళ్ళతో బాగా కడిగి, ఆ ముక్కల్ని మాత్రం గంటసేపు గిన్నెలో నానబెట్టి, మళ్ళా కడిగి బిగించినా. పంప్ ముందు జాలీ కప్పు కూడా అడుగున సన్నగా పగిలింది, అది కొత్తది వేసినా. ఇప్పుడు కుళాయిలు మూస్తే పంప్ గమ్మునుంది, గంట చూసినా.

పచ్చడి_పిన్ని (మంగళవారం, రాత్రి 10:20)
😀 నేను చెప్పలా. టాయిలెట్ రబ్బరు కూడా ఎండిపోయుంటుంది, కొంచెం కొబ్బరి నూనె రాయి.

సికింద్రాబాద్_స్టెప్నీ (మంగళవారం, రాత్రి 10:31)
పిన్నీ, మళ్ళా మొదలువెట్టినవా. నూనెలు, వ్యాజిలిన్ రబ్బర్‌ని ఉబ్బిస్తయి. సిలికాన్ గ్రీజ్ రాయాలె.

మంచులో_మావయ్య (బుధవారం, ఉదయం 6:50)
ఇంకో మాట, 90 లీటర్లు నింపితే 90 కిలోలు. మంచం కింద అన్నారు, మంచం ఇరుసుకి వెనకా ముందా? వెనకైతే కారు కొక్కెం మీద పడే బరువు తగ్గుతుంది, ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద లేకపోతే హైవే మీద తోక ఊపుతుంది. సగం నింపడం ఇంకా చెడ్డది, బ్రేక్ వేస్తే నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఖాళీగా వెళ్ళి అక్కడ నింపుకోండి.

షెడ్డులో_బండి (బుధవారం, ఉదయం 7:15)
వెనకే మావయ్యా. సరే, ఖాళీగానే పోతాం, తాగేదానికి రెండు 20 లీటర్ల క్యాన్లు కార్లో పెట్టుకుంటాం. కూలెంట్ షాపాయన డబ్బు తిరిగివ్వలే, వేరే సామాను తీసుకోమన్నాడు, రెండు వైపర్ బ్లేడ్లు తెచ్చుకున్నా.

కొత్తబండి_కోలార్ (గురువారం, మధ్యాహ్నం 1:10)
థ్రెడ్ మొత్తం చదివినా అన్నా. మా దాంట్లో ట్యాంకు మీద లీటర్లు రాసి లేదు, గేజ్ కూడా లేదు. బ్లీచ్ లెక్క ఎట్లా వేసేది?

షెడ్డులో_బండి (గురువారం, మధ్యాహ్నం 1:25)
పూర్తిగా ఖాళీ చేసి, 10 లీటర్ల బకెట్‌తో లెక్కబెడతా నింపు, పొర్లేదాకా. మధ్యలో ఫోన్ ఎత్తొద్దు, నేను ఎత్తి ఏడో ఎనిమిదో మర్చిపోయి మళ్ళా మొదట్నుంచి పోసినా.